నీడకు రెండు మాటలు

బ్రెయిలీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరూ మాస్టారు అంటారు గానీ, ఆయన ఏనాడూ ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. తప్పు దొరికితే దాని పీక పట్టుకుని బయటికి లాగేదాకా వదలడని ప్రెస్సులోవాళ్లు పెట్టిన పేరది. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. వెలుగన్నా చీకటన్నా ఎదుటివాళ్ల నోటివెంట వచ్చే మాటలే తప్ప ఆయన ఎరిగినవి కావు. కానీ చూపుడువేలు కాగితం మీద పెట్టాడంటే, ఒక చుక్క తగ్గినా, ఒక చుక్క ఎక్కువైనా ఆ వేలు ఠక్కున ఆగిపోయేది.

ఆ పని ఇద్దరు కలిసి చేసేది. ఎదుటి కుర్చీలో ఒకరు అచ్చు పుస్తకం పైకి చదువుతూ ఉంటే, మాస్టారు చుక్కల మీద వేలు పోనిస్తూ సరిచూసుకుంటాడు. ఆ కుర్చీలో ఏళ్ల తరబడి చాలామంది మారారు. ఇప్పుడున్న అమ్మాయి కొత్తగా చేరింది. గొంతు గంట కొట్టినట్టు ఉండేది. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా వదలకుండా చదివేది. ఆ అమ్మాయితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఏదైనా వివరం అడిగితే "ఇదిగో, ఇలా ఉంటుందండీ" అని చేత్తో చూపించేసి, ఆ తర్వాత నాలుక కరుచుకునేది. చేతి గాజులు గలగలమనడం, ఆ వెంటనే నిశ్శబ్దం. మాస్టారుకి అది అలవాటైపోయింది.

ఆ వారం వాళ్ల ముందున్నది ఒక చిన్న పదకోశం. చూపులేని పిల్లల బడి కోసం ఒక టీచరమ్మ కూర్చింది. ఇంగ్లీషు మాట, దానికి తెలుగు అర్థం, కింద ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం. ఏ నుంచి మొదలుపెట్టి ఎస్ దాకా పని నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది.

"షేడ్," అని చదివింది అమ్మాయి. "అర్థం, నీడ. ఫుల్‌స్టాప్." కింద వాక్యంలో ఒక ముసలాయన షేడ్‌లో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మాస్టారు వేలు అతని పక్కనుంచి కిందికి దిగింది.

"షాడో. అర్థం, నీడ. ఫుల్‌స్టాప్." ఈ వాక్యంలో ఒక కుక్క తన షాడోని చూసి తనే మొరుగుతోంది.

వేలు ఆగింది.

"తప్పు పడిందా మాస్టారూ?"

"చుక్కలు బాగానే ఉన్నాయి. పైన చదివిన అర్థమే మళ్లీ చదివావేమో చూడు."

"లేదండీ. రెండిటికీ నీడనే ఉంది."

"ఒక్క నీడకి రెండు మాటలెందుకమ్మాయ్ వాళ్లకి? మనం ఒక్కదాంతో నెట్టుకొస్తున్నాం కదా."

అమ్మాయి నవ్వింది. "రెండూ ఒకటి కాదు మాస్టారూ. షేడ్ అంటే మనం వెళ్లి కూర్చునే నీడ. షాడో అంటే మనది పడుతుంది చూడండి, ఆ నీడ."

"మనది ఏం పడుతుంది?"

"అదేనండీ, మనం నిలబడితే నేల మీద పడుతుంది కదా. నల్లగా, అచ్చం మనలాగే. ఇదిగో, ఇలా..." గాజులు గలగలమన్నాయి. 

"కానివ్వు," అన్నాడు మాస్టారు. "తర్వాతి మాట చదువు."

చదివింది. ఆయన వేలు ముందుకు కదిలింది గానీ మనసు వెనకే ఉండిపోయింది. ఇంకో మాటకు పోకుండా ఆ పూటకి పుస్తకం మూయించాడు. యాభై దాటిన మనిషి. ఆయనకు తెలియని తెలుగు మాట ఉందంటే ప్రెస్సులో ఎవరూ నమ్మరు. అందులోనూ నీడ! అది చిన్నప్పటినుంచీ ఆయన సొంత మాట. నీడంటే చల్లదనం. ఎండలో నడుస్తూ నడుస్తూ ఉండగా ముఖం మీది వేడి ఒక్కసారిగా తొలగిపోయి, బిగదీసుకున్న భుజాలు వదులయ్యే చోటు. ఇంతకంటే దాని గురించి ఎవరైనా చెప్పగలిగేది ఏముంది? "కాస్త జరగండి, మీ నీడ పడుతోంది" అని ఎవరైనా అంటే, మనిషి ఒంట్లోంచి పక్కవాళ్లకు కొంచెం చల్లదనం తగులుతుంది కాబోలు, చదువుకునేటప్పుడు అది ఇబ్బంది కాబోలు అనుకునేవాడు. ఫలానావాడు నీడలా వెంట ఉంటాడంటే, ఎంత మంచివాడో అనుకునేవాడు. పోలీసులు దొంగను నీడలా వెంటాడారని రేడియోలో విన్నప్పుడు మాత్రం, ఇది వెటకారం అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడు తీరా చూస్తే ఆ మాట పొట్టలో ఇంకో మాట దాక్కుని ఉంది. ఇన్నేళ్లూ అందరూ ఆ రెండోదాన్ని ఆయన ఎదుటే వాడుకున్నారు, ఆయనకు తెలియకుండానే. కోపం రాలేదు. ఏళ్లుగా ఉంటున్న ఇంట్లో తాళం వేసిన గది ఒకటి ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక భార్యను అడిగాడు. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టేచోట పనిచేస్తుంది.

"నీకు షేడ్ అంటే తెలుసా?"

"తెలియకేం? దారం రీళ్ల మీద నంబరు వేసి ఉంటుంది. ఒక్క నీలానికే బోలెడు షేడ్లు. ఒక్క షేడ్ అటూ ఇటూ అయిందంటే సూపర్‌వైజరు మా ప్రాణాలు తోడేస్తుంది."

మాస్టారు తల పట్టుకున్నాడు. ఇది మూడోది. "అది వేరే షేడ్‌లే. నేనడిగేది నీడ సంగతి. నా నీడ ఎలా ఉంటుందో చెప్పు."

కూరగాయలు తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది. "ఎలా ఉంటుందేమిటి? మీలాగే ఉంటుంది. పొడుగ్గా ఉంటుంది, ఇంట్లో ఏ పనీ చెయ్యదు."

"హాస్యాలు చాలుగానీ, ఇన్నేళ్ల కాపురంలో నా నీడ గురించి నాకు ఒక్క ముక్కయినా చెప్పావా?"

"చెప్పడానికేముందండీ? అందరికీ ఉన్నట్టే మీకూ ఉంది."

 తనకూ ఒకటి ఉందనే సంగతి ఆయనకు తెలిసిందే ఇవాళ.

తర్వాత ఇద్దరూ కూర్చుని, ధాన్యంలో రాళ్లు ఏరినట్టు, మాటలు ఏరడం మొదలుపెట్టారు. ఆయన ఒక్కో మాటే తీసి ముందు పెట్టడం, ఆమె అది ఏ నీడో తేల్చడం.

"నిలువ నీడ లేదంటారే, అది?"

"అది కూర్చునే నీడే. మీ షేడ్."

"నీడపట్టున ఆరెయ్యమంటావు కదా?"

"అదీ షేడే."

"ఫలానావాళ్లు మేనమామ నీడన పెరిగారు అంటే?"

ఆమె ఆలోచించింది. "షేడే అనుకుంటా."

"మేనమామని తీసుకెళ్లి ఎండకి అడ్డంగా నిలబెట్టరు కదే!"

"మాటవరసకంటారండీ, మీరు మరీనూ! ఇంకోటి అడగండి."

"తన నీడ చూసి తనే జడుసుకునే రకం, అని మీ చెల్లెలి మొగుణ్ణి అంటావు కదా. చల్లగాలి తగిలితే తట్టుకోలేని సుకుమారం కాబోలు అనుకున్నాను ఇన్నాళ్లూ."

ఆమె పడీ పడీ నవ్వింది. "అది షాడో! పిరికివాడని అర్థమండీ. పాపం, అందుకేనా ఆయనొచ్చినప్పుడల్లా ఫ్యాను తగ్గించమంటారు?"

"నీ నీడ కూడా నా గడప మీద పడకూడదు, అంటారు. అది?"

"అదీ షాడోనే. మనిషి గడప దాకా వస్తే వాడి నీడ కూడా వస్తుంది కదా. ఒక్కోసారి మనిషి కంటే ముందే వస్తుంది."

"ముందే వస్తుందా?"

"వెనక దీపం ఉంటే ముందు నడుస్తుంది. ముందు దీపం ఉంటే వెనక నడుస్తుంది."

"మరి దీపం నెత్తి మీదుంటే?"

"కాళ్ల కింద దాక్కుంటుంది."

మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. "ఇదంతా నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? కళ్ల ముందు..." ఆమె మాట మధ్యలో ఆపేసింది. కాసేపటికి ఆమె చెయ్యి వచ్చి ఆయన మోకాలి మీద ఆగింది. "ఎప్పుడూ ఉండేదే కదండీ. ప్రత్యేకంగా చెప్పాలని తోచలేదు."

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు అమ్మాయిని డాబా మీదికి రమ్మన్నాడు. అక్కడ అప్పటికే బైండరు గోడకు చేరగిలబడి తన అన్నం డబ్బా మూత అప్పుడే తీస్తున్నాడు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. ఎక్కడ ఏ వింత జరుగుతున్నా ఆయన డబ్బాతో సహా అక్కడే ఉండేవాడు.

మాస్టారు చెప్పులు విప్పాడు. సిమెంటు నేల కాలుతోంది. మెట్ల గది వైపు అడుగులు వేస్తూ పోగా, ఒక చోట పాదం ముందు భాగం చల్లబడింది, మడమ ఇంకా వేడిగానే ఉంది.

"ఇక్కడ నీడ మొదలైంది," అన్నాడు.

"అవునండీ. మీ పాదం సగం ఎండలో, సగం నీడలో ఉంది. అదే అంచు."

అంచు. ఎన్నోసార్లు దాటిన గీతే. దాటి లోపలికి వెళ్లి హాయిగా నిలబడడమే తప్ప, దాని వెంబడి నడవాలని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు నడిచాడు. ఒక పాదం వేడిలో, ఒక పాదం చల్లదనంలో పెట్టుకుని, తాడు మీద నడిచేవాడిలా. గీత తిన్నగా పోయింది. ఉన్నట్టుండి రెండు పాదాలూ కాలాయి. వెనక్కి వచ్చి వెతుక్కున్నాడు. గీత పక్కకు మలుపు తిరిగింది. అటు నుంచి మళ్లీ తిన్నగా మెట్ల గది గోడ దాకా పోయింది.

"ఇక్కడ మూల ఉంది!" అన్నాడు. ఆయన గొంతులో పిల్లవాడు దూరాడు. "గదికున్న మూలే, నేల మీద కూడా ఉంది!"

"ఉంటుంది కదండీ, ఆ గది షాడోనే అది. మూల కూడా పడుతుంది."

"అంటే లోపలికెళ్లి కూర్చుంటే షేడ్. బయట నిలబడి దాని అంచులు పట్టుకుంటే షాడో. అంతేనా?"

"అంతే..." అంది అమ్మాయి, కానీ చివర కాస్త సాగదీసింది. "అన్నిసార్లూ అంచు పట్టుకోలేరు మాస్టారూ. ఇప్పుడే ఒక పావురం మీ మీదుగా ఎగిరిపోయింది. దాని షాడో మీ పాదాల మీద పాకుతూ పోయింది."

"నాకేమీ తగల్లేదే!"

"తగలదండీ. చల్లబడేంతసేపు ఉండదు. రాత్రి ఇంట్లో లైటు వేసినప్పుడు కూడా గోడ మీద మన షాడో పడుతుంది. ఆ గోడ ముట్టుకుంటే ఏ తేడా ఉండదు."

మాస్టారు చెప్పులు వేసుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. చల్లదనం లేని నీడ. ఉప్పదనం లేని ఉప్పు అన్నట్టుంది ఆయనకు. "మరి మబ్బు పట్టిన రోజు?"

ఈసారి జవాబు బైండరు దగ్గర్నుంచి వచ్చింది, నోట్లో ముద్దతో. "మబ్బు పడితే ఎవరికీ నీడ ఉండదండీ మాస్టారూ. ఊరంతా షేడే. షాడోలకు ఆ రోజు సెలవు."

కిందికి వెళ్లేసరికి మేనేజరు ఎదురుచూస్తున్నాడు. "ఎస్ దగ్గరే నిన్నటినుంచీ బండి ఆగిపోయిందట. బడి తెరిచేలోగా పుస్తకాలు అందాలి మాస్టారూ. చుక్కలు సరిగ్గా ఉన్నాయా లేదా?"

"చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. అర్థమే సరిగ్గా లేదు."

"అర్థాలు మన పని కాదు కదా!"

"అందుకే, ఎవరి పనో వాళ్లకి ఫోను కలపండి."

మేనేజరు నిట్టూర్చి కలిపాడు. టీచరమ్మ ఓపిగ్గా విన్నది. పిల్లలతో మాట్లాడి మాట్లాడి నెమ్మదించిన గొంతు. "నిజమేనండీ, నేనంత ఆలోచించలేదు," అంది. "అయితే ఒక పని చేద్దాం. షాడో తీసేద్దాం. మా పిల్లలకి ఆ మాటతో పెద్దగా పనుండదు. షేడ్ చాలు."



"అమ్మా," అన్నాడు మాస్టారు, "నేను కూడా మీ పిల్లల్లాంటివాణ్ణే. నాకూ ఎవరూ చెప్పలేదు, పనుండదనే అనుకుని ఉంటారు. కానీ మాట మాత్రం రోజూ నా చెవిన పడుతూనే ఉంది. వినేవాడికి తప్పు అర్థం ఉండడం కంటే సరైన అర్థం ఉంటే మంచిది కదా."

"నిజమే. కానీ ఎలా చెబుతారు? పుట్టినప్పటినుంచీ చూడని పిల్లకి నీడ గురించి రెండు లైన్లలో ఎలా చెప్పాలో నాకు తెలియదండీ. మీరు రాసివ్వండి, అలాగే వేద్దాం."

మాస్టారు సరేనని ఫోను పెట్టేశాడు. ఆయనకే ఇంకా పూర్తిగా తెలియదు, పిల్లలకేం చెబుతాడు?

ఉపాయం అమ్మాయికే తట్టింది. సాయంత్రం ఎండ వాలుతుండగా, బైండరు దగ్గర కాగితం రీములకు చుట్టివచ్చే మందపాటి గోధుమరంగు కాగితాలు అడిగి తెచ్చి, డాబా మీద వరసగా పరిచింది. మాస్టారును ఒక చివర నిలబెట్టింది.

"కదలకండి. చేతులు కాస్త ఎడంగా పెట్టండి. వేళ్లు విడదీయండి."

పెన్సిలు కాగితం మీద బరబరా పరిగెత్తే చప్పుడు ఆయన పాదాల దగ్గర మొదలై, దూరంగా, ఇంకా దూరంగా పోయింది. "ఎక్కడికి పోతున్నావమ్మాయ్?" అని అరిచాడు. "మీ తల దగ్గరికండీ!" అని ఎక్కడినుంచో జవాబు వచ్చింది. "తొందరగా గియ్యాలి, ఇది జరిగిపోతూ ఉంటుంది." తర్వాత బైండరు జిగురు డబ్బాతో, పుస్తకాల కట్టలకు వాడే పురికొసతో దిగాడు. గీసిన గీత వెంబడి జిగురు రాసి, దాని మీద పురికొస అతికించుకుంటూ పోయాడు. "జీవితంలో ఎన్నో బైండు చేశాను గానీ మనిషి నీడని బైండు చేస్తాననుకోలేదు," అని గొణుక్కున్నాడు.

జిగురు ఆరాక మాస్టారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాదాల దగ్గర మొదలుపెట్టాడు. రెండు పురికొసలు రెండు వైపులా పోతున్నాయి. ఇది కాలు. కాలు వెంట పాకాడు. ఇంకా కాలే. "ఏమిటిది, కాళ్లు ఎంతకీ అయిపోవడం లేదు!" అన్నాడు. నడుము దగ్గర లోపలికి నొక్కుకుంది. ఒక పక్కకు చెయ్యి చీలింది. దాని చివర వేళ్లు, ఒక్కోటి చిక్కుడుకాయ కంటే పొడుగు. తన వేళ్లను ఆ వేళ్ల మీద పెట్టి చూసుకున్నాడు. సరిపోలేదు, కానీ వరస అదే. చివరికి తల దొరికింది. గుండ్రంగా, చిన్న తలగడలా, రెండు పక్కలా చెవులు పొడుచుకొచ్చి. లోపల అరచేత్తో తడిమాడు. ఉత్త కాగితం.

"ముక్కేది?"

"ఎదురుగా నిలబడితే ముక్కు పడదండీ. పక్కకు తిరిగితే ముక్కు పడుతుంది, అప్పుడు చెవులు మిగలవు."

"చొక్కా గుండీలు?"

"లోపలివేవీ పడవు. అంచులే."

ఆయన చాలాసేపు ఆ కాగితం మీదే కూర్చుండిపోయాడు. ఆయన్ని కదిలించింది పొడుగు కాళ్లు కావు, ముక్కు లేని ముఖమూ కాదు. ఇంత చోటు! తను ఊరికే నిలబడితే చాలు, తన వెనక ఇంత మేర ఎండ ఆగిపోతోందన్నమాట. వెలుగుతో తనకు ఏ లావాదేవీ లేదని, అది మిగతావాళ్ల వ్యవహారమని ఇన్నేళ్లూ అనుకున్నాడు. వెలుగు మాత్రం ఆయన్ని వదిలెయ్యలేదు. ఎక్కడ నిలబడితే అక్కడ ఆయన చుట్టూ తిరిగి, ఆయన అంచులు కొలుచుకుని పోతూనే ఉంది.

"బాగుందా మాస్టారూ?" అని అమ్మాయి భయం భయంగా అడిగింది.

"బాగుంది," అన్నాడు. ఇంకేదో అనబోయి, "పొడుగెక్కువైంది," అన్నాడు.

ఆదివారం అక్కకు ఫోను చేశాడు. నీడ ఒంటికి తగలదని డాబా మీద అమ్మాయి చెప్పినప్పటినుంచీ ఒక సంగతి ఆయన్ని తొలుస్తోంది. చిన్నప్పుడు వీధిలో పిల్లలందరూ ఒక ఆట ఆడేవారు. నీడ తొక్కుకునే ఆట. అందరూ పరుగెత్తేవారు, ఆయనా పరుగెత్తేవాడు, ఇంతలో "నీ నీడ తొక్కేశా, నువ్వు ఔట్!" అని అక్క అరిచేది. ఒంటికి ఏదీ తగల్లేదు, చల్లదనమూ పోలేదు, మరి ఔట్ ఎలా? అందరూ ఏకమై తొండి చేస్తున్నారని ఏడ్చి గోల చేసేవాడు. తర్వాత్తర్వాత ఆ ఆటకే పోవడం మానేశాడు.

"అక్కా, ఆ నీడ తొక్కే ఆట గుర్తుందా? నువ్వు నిజంగానే తొక్కేదానివని నాకు మొన్ననే తెలిసింది. నేనే తొండి అన్నాను. పొరపాటు నాదే."

 అవతల పెద్ద నవ్వు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వన్నదే నిజంరా! సగం సార్లు మబ్బు పట్టి ఉండేది. ఎవడికీ నీడే లేదు. నిన్ను ఔట్ చేస్తే నువ్వెళ్లి అమ్మ దగ్గర కూర్చుంటావు, మా ఆట మాకు సాగుతుంది. అందుకని అరిచేవాళ్లం."

"మబ్బు పట్టినప్పుడు కూడానా!"

"వానలో కూడా చేశాన్రా ఒకసారి!"

మాస్టారు కూడా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా ఇద్దరూ అలా నవ్వుతూనే ఉన్నారు. మిగతా సగం సార్లు మాత్రం నిజంగానే తొక్కానని అక్క చివర్లో ఒట్టేసి చెప్పింది.

సోమవారం పొద్దున్నే అర్థం రాయడానికి కూర్చున్నారు. అమ్మాయి ముందుగా ఒకటి రాసి చదివింది. "షాడో. వెలుగు పడని చోట ఏర్పడే నల్లని ఆకారం."

"నల్లని కొట్టెయ్. నలుపు వాళ్లకి ఉత్త మాట. వెలుగు కూడా అంతే. ఎండ అను, ఎండ అందరికీ తెలుసు."

"రాత్రి దీపం ముందు కూడా పడుతుంది కదండీ?"

"అయితే ఎండకో దీపానికో అను. దీపం దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుందని వాళ్లూ ఎరుగుదురు."

రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. టీచరమ్మ తనే వచ్చింది, రాసింది వినడానికి. మాస్టారు చుక్కల మీద వేలు పోనిస్తూ చదివాడు.

"షేడ్. ఎండ తగలని చోటు. అక్కడ చల్లగా ఉంటుంది. షాడో. ఎండకో దీపానికో ఏదైనా అడ్డు నిలిచినప్పుడు, దాని వెనక ఆ ఎండో ఆ దీపమో అందని చోటుకు ఉండే ఆకారం. అడ్డు నిలిచినది కదిలితే అదీ కదులుతుంది. చేతికి తగలదు. తెలుగులో రెండిటినీ నీడ అనే అంటారు."

"చేతికి తగలదంటే మా పిల్లలు ఊరుకోరు," అంది టీచరమ్మ. "తగలనిది ఉందని ఎలా నమ్మమంటారు అని అడుగుతారు. వాళ్లు మహా గట్టివాళ్లు."

జవాబుగా అమ్మాయి గోధుమరంగు కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. పాదాల నుంచి నడుము దాకానే పట్టింది. మిగతాది కిందికి వేలాడింది. టీచరమ్మ చెయ్యి పురికొస మీద పాకుతున్న చప్పుడు. "కళ్లు మూసుకుని తడుముతోందండీ," అని బైండరు మాస్టారు చెవిలో చెప్పాడు.

"దీన్ని చిన్నది చేసి పుస్తకంలో వెయ్యగలరా?" అని అడిగింది చివరికి.

పటాల కోసం ప్రెస్సులో ఒక యంత్రం ఉంది. పలచని ప్లాస్టిక్ షీటును వేడిచేసి, అచ్చు మీద పీల్చి, ఉబ్బెత్తు గీతలు తెస్తుంది. మేనేజరు దాని ఖర్చు, సమయం, ఇంకా ఏవేవో చెప్పబోయాడు. టీచరమ్మ ఆయన్ని బడిపిల్లవాణ్ణి చూసినట్టు చూసిందట. ఇదీ బైండరు చెప్పిందే. ఆ పూటే అచ్చు తయారైంది. మనిషిని మాత్రం మార్చారు. చెయ్యి ఎత్తి నిలబడ్డ ఒక చిన్న పిల్ల, ఆమె పాదాల నుంచి సాగిన నీడ, ఆ నీడకూ ఎత్తిన చెయ్యి.

ఎస్ అక్షరం ఎట్టకేలకు కదిలింది. షేక్, షాలో, షాంపూ.

ఆ సాయంత్రం భార్య పని ముగించుకుని ఎప్పటిలాగే ప్రెస్సు గేటు దగ్గరికి వచ్చింది. ఇద్దరూ బస్టాపుకి నడిచారు. దానికి కప్పు లేదు. ఉత్త స్తంభం, ఒక బోర్డు. ఎండ వాలినా వేడి తగ్గలేదు, సూటిగా ముఖానికి కొడుతోంది. మాస్టారు కర్ర నేలకు ఆనించి నిలబడి, పొద్దుటినుంచీ జరిగిందంతా చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఒక సందేహం వచ్చి ఆగాడు.

"ఏమే, ఇప్పుడు నా నీడ ఎటు పడుతోంది?"

"వెనక్కి."

"నీ గొంతు కూడా వెనకనుంచే వస్తోందేం?"

"వెనకే ఉన్నాను కాబట్టి."

"పక్కన నిలబడొచ్చుగా?"

"పక్కన ఎండండీ! ఇన్నేళ్లుగా ఈ బస్టాపులో నేను ఎక్కడ నిలబడుతున్నాననుకున్నారు?"

 ఆమె పొట్టి మనిషి. మాస్టారు భుజం దాటదు. వెనక్కి చెయ్యి చాచాడు. ఆమె నుదురు చేతికి తగిలింది. చల్లగా ఉంది. తన నుదురు ముట్టుకుని చూసుకున్నాడు. పెనంలా కాలుతోంది.

"ఇది షేడా, షాడోనా?" అని అడిగాడు.

"నాకేం తెలుసండీ! హాయిగా ఉంది, కదలకండి," అంది ఆమె. దూరంగా బస్సు హారను వినిపించింది. అది తమ బస్సు కాదని ఆమె చెప్పింది. ఆయన కాస్త నిటారుగా నిలబడ్డాడు.